ఇంటిల్లిపాదీ ఎక్కే బండి ఇచ్చి స్పోర్టీ కారు తీసుకోవచ్చా?

వాహన సలహా – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నేను రాయగడలో మందుల హోల్‌సేల్ వ్యాపారం చేస్తున్నాను. వయస్సు నలభై రెండు. 2016లో కొన్న మా ఎర్టిగా డీజిల్ బండి ఇప్పటికి 1,08,000 కిలోమీటర్లు తిరిగింది. ఇంట్లో నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు, డెబ్బై రెండేళ్ల మా అమ్మ ఉంటాం. తమ్ముడి కుటుంబం విశాఖపట్నం వెళ్ళిపోయాక మూడో వరుస సీటు మడిచే ఉంటోంది. నిరుడు మొత్తం మీద దాన్ని మూడుసార్లు తెరిచాం: సంక్రాంతికి, మజ్జిగౌరమ్మ చైత్ర పండుగకు, ఒక పెళ్ళికి. నాకు డ్రైవింగ్ అంటే మొదటినుంచీ ఇష్టం. ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ, లేకపోతే హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ తీసుకోవాలని ఉంది. నెలకొకసారి అమ్మను మోకాళ్ల వైద్యానికి పార్వతీపురం మీదుగా విశాఖ తీసుకువెళ్తాను. వ్యాపారం పని మీద కోరాపుట్, జయపురం వెళ్తుంటాను. విశాఖ షోరూం వారు పాత బండికి 3,60,000 రూపాయలు కడతామన్నారు, ఇక్కడి బ్రోకరు 4,10,000 ఇస్తానంటున్నాడు. ‘అందరం ఎక్కే బండి అమ్మేసి ఒక్కరి సరదా కొంటారా?’ అని నా భార్య అడుగుతోంది. ఏం చేయమంటారు?
– పేరు వద్దన్న పాఠకుడు, రాయగడ

జవాబు: మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది మూడో వరుస సీటు లెక్క. ఏడుగురి బండి కావాలనుకునేవారిలో చాలామంది ఈ లెక్క వేయరు, మీరు వేశారు. ఏడాదికి మూడు రోజుల అవసరం కోసం మిగిలిన రోజులన్నీ ఏడు సీట్లను మోసుకు తిరగనక్కర లేదు, ఆ మూడు రోజులకు ఒక బండిని అద్దెకు తెచ్చుకోవచ్చు. కాబట్టి మార్చాలన్న మీ ఆలోచనలో తప్పు లేదు. అయితే మీ భార్య అడిగిన ప్రశ్నకు జవాబు మూడో వరుసలో లేదు, రెండో వరుసలో అమ్మగారు కూర్చునే చోట ఉంది.

మా అత్తగారికి కూడా మోకాళ్ల నొప్పులు. ఎత్తు తక్కువ కారు ఎక్కేటప్పుడు ఆవిడ ముందు తలుపుకు వీపు పెట్టి నిలబడి, చెయ్యి వెనక్కి పెట్టి సీటు అంచు తడుముకుని, ఒక్కసారిగా కిందికి దిగబడిపోయేవారు. ఆ తరువాత కాళ్లను ఒక్కొక్కటిగా చేతులతో ఎత్తి లోపల పెట్టుకునేవారు. దిగేటప్పుడు ఇంకా కష్టం. మోకాళ్లు తుంటి కంటె పైకి ఉండడంతో లేవడానికి పట్టు దొరక్క, తలుపు చట్రం పట్టుకుని రెండు మూడుసార్లు ఊగి లేచేవారు. ఎర్టిగాలో సీటు ఎత్తుగా ఉండడం వల్ల అమ్మగారు ఇన్నాళ్లూ కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుని దిగుతూ వచ్చారు, అందుకే ఈ విషయం మీ దృష్టికి వచ్చి ఉండదు. షోరూంకు మీరొక్కరే వెళ్ళకండి, అమ్మగారిని తీసుకువెళ్ళండి. వర్టస్ వెనక సీటులోకి ఆవిడ ఎవరి సాయం లేకుండా ఎక్కి, పావుగంట కూర్చుని, మళ్లీ తనంత తానే దిగగలిగితే మీరు నిశ్చింతగా ముందుకు వెళ్ళవచ్చు. దిగలేకపోతే ఆ కారు మీ ఇంటికి పనికిరాదు. అంతమాత్రాన మీ కోరిక వదులుకోనక్కర లేదు. వర్టస్ జీటీలో ఉన్న 1.5 లీటర్ల 150 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి శక్తి కొలత) టర్బో ఇంజినే అదే కంపెనీ టైగున్‌లోనూ, స్కోడా కుషాక్‌లోనూ ఉంది, వాటి సీటు ఎత్తుగా ఉంటుంది. మలుపుల్లో వర్టస్ లాంటి సెడాన్ ఇచ్చినంత నిబ్బరాన్ని అవి ఇవ్వకపోయినా, మీ పరిస్థితిలో నేనైతే వాటినే ముందు నడిపి చూస్తాను.

ఇక దారి సంగతి. కూనేరు దాటి కొమరాడ, పార్వతీపురం మీదుగా వెళ్ళే రోడ్డు మీద లారీల చక్రాలకు తారు లేచిపోయిన చోట్ల గోతులు ఎలా ఉంటాయో మీకు నేను చెప్పనక్కర లేదు. వర్టస్ గ్రౌండ్ క్లియరెన్స్ 179 మిల్లీమీటర్లు, మీ పాత ఎర్టిగాది 185. ఈ తేడా చిన్నదే. టైరులో కూడా తేడా ఉంది: ఎర్టిగా 185/65 టైరుకు పక్కగోడ ఎత్తు సుమారు 120 మిల్లీమీటర్లు, వర్టస్ జీటీ 205/55 టైరుకు సుమారు 113. గోతిలో పడినప్పుడు రిమ్ముకూ రాయికీ మధ్య ఉండే మెత్త ఇదే కాబట్టి, ఈ ఏడు మిల్లీమీటర్ల తరుగు చాలదన్నట్టు మీరు పై సైజు అలాయ్ చక్రాలు మాత్రం వేయించకండి. నెలకొకసారి గాలి చూపించుకోండి, స్టెప్నీలో కూడా.

కోరాపుట్ వైపు కొండదారిలోనూ, సాలూరు – సుంకి ఘాట్‌లోనూ ఈ కారు ఎలా ఉంటుందన్నది మీరు అడగకపోయినా చెప్పాలి. సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉన్న కోరాపుట్ వైపు ఎక్కేకొద్దీ గాలి పలచబడుతుంది. టర్బో లేని పెట్రోలు ఇంజిన్ ఆ మేరకు నీరసిస్తుంది, టర్బో ఉన్నది గాలిని ఒత్తి లోపలికి పంపుతుంది కాబట్టి అంతగా నీరసించదు. మీ డీజిల్ బండికి కూడా టర్బో ఉంది, అందుకే 90 పీఎస్‌తోనే అది ఇన్నేళ్లూ ఘాట్ ఎక్కింది. దాని లాగుడు 200 న్యూటన్ మీటర్లు, వర్టస్ 1.5 లాగుడు 250, అదీ 1,600 ఆర్‌పీఎం నుంచే అందుతుంది కాబట్టి ఎక్కుడులో గేరు మార్చే పని తగ్గుతుంది. ఐ20 ఎన్ లైన్‌లో 1.0 లీటరు టర్బో ఇంజిన్ 120 పీఎస్, 172 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. ఒక్కరే నడుపుకుంటే హాయిగా ఉంటుంది గాని, ఐదుగురూ సామానూ ఎక్కి ఘాట్ ఎక్కాలంటే మీ పాత డీజిల్ లాగుడే మీకు గుర్తుకు వస్తుంది. దాన్ని మీ జాబితా నుంచి తీసేయమనే నా సలహా.

ఆటోమేటిక్ తీసుకుంటే ఒక సంగతి తెలుసుకుని తీసుకోండి. 1.5 టర్బోకు ఇచ్చే ఏడు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్సు డీఎస్‌జీలో రెండు క్లచ్‌లు ఉంటాయి, అవి నూనెలో మునగని పొడి క్లచ్‌లు. ఘాట్‌లో సరుకు లారీ వెనక నడకవేగంతో పాకుతూ, ఆగినప్పుడు బ్రేకు వేయకుండా యాక్సిలరేటర్‌తోనే బండిని నిలబెడితే ఆ క్లచ్‌లు వేడెక్కి త్వరగా అరుగుతాయి. లారీకి రెండు బండ్ల దూరం వదలండి, బ్రేకు మీదే ఆగండి, సందు దొరికాక ఒక్కసారిగా కదలండి. కొండదారిలో తరచు తిరిగే మీకు మాన్యువల్ గేరు దొరికితే అదే మేలు. డ్రైవింగ్ ఇష్టమన్నవారికి ఆ ఆనందం కూడా దానిలోనే ఎక్కువ. దిగేటప్పుడు మాత్రం, ఏ గేరులో ఎక్కారో దాదాపు ఆ గేరులోనే దిగండి. చాలామంది కింది గేరులో ఇంజిన్ ఇచ్చే ఆపుదలను వాడుకోక, సుంకి నుంచి సాలూరు దాకా బ్రేకు మీదే కాలు ఉంచి వస్తారు, కిందికి వచ్చేసరికి ప్యాడ్లు కాలిన వాసన కొడుతుంది.

మీ భార్యకు చెప్పవలసిన మాట కూడా ఒకటి ఉంది. వర్టస్‌కు 2023లో కార్లను గుద్దించి చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో పెద్దల భద్రతకూ, పిల్లల భద్రతకూ ఐదేసి నక్షత్రాలు వచ్చాయి. తడి మలుపులో బండి జారకుండా పట్టే స్టెబిలిటీ కంట్రోల్ అన్ని వేరియంట్లలోనూ ఉంది. మీ 2016 బండిలో అది లేదు. వర్టస్ డిక్కీ 521 లీటర్లు. ఇవి ఒక్కరి సరదాకు పనికివచ్చేవి కావు, వెనక కూర్చున్న పిల్లలకు పనికివచ్చేవి.

ధర విషయానికి వస్తే, 2025 సెప్టెంబరు 22 నుంచి 1,200 సీసీ లోపు, నాలుగు మీటర్ల లోపు పెట్రోలు కార్లకు జీఎస్టీ 18 శాతం, అంతకు మించినవాటికి 40 శాతం. ఐ20 మొదటి తరగతిలోకి, వర్టస్, టైగున్, కుషాక్ రెండో తరగతిలోకి వస్తాయి. ఇంతకు ముందు ఈ పెద్దవాటి మీద సెస్సుతో కలిపి 45 శాతం దాకా పడేది కాబట్టి, మీ దగ్గర పాత కొటేషన్ ఉంటే దాన్ని పక్కన పెట్టి కొత్తది అడగండి. ధర పది లక్షలు దాటితే షోరూం వారు ముందస్తు ఆదాయపు పన్నుగా వసూలు చేసే ఒక శాతం టీసీఎస్‌ను ఇన్‌కంటాక్స్ రిటర్నులో చూపి సర్దుబాటు చేసుకోవచ్చు.

ఇప్పుడు ఆ 50,000 తేడా. విశాఖ షోరూం వారు మిమ్మల్ని మోసం చేస్తున్నారని అనుకోకండి. మీది ఓడీ–18 నంబరు. దాన్ని వారు ఆంధ్రలో అమ్మాలంటే రాయగడ ఆర్టీఓ నుంచి ఫారం 28తో అభ్యంతరం లేదన్న పత్రం, అంటే ఎన్‌ఓసీ తేవాలి, కొన్నవారు అక్కడ మళ్లీ పన్ను కట్టాలి. ఆ ఖర్చంతా ముందే మీ ధరలోంచి కోస్తారు. రాయగడలోనో, గుణుపురంలోనో కొనేవారికి ఆ బెడద లేదు. అందుచేత పాత బండిని ఒడిశాలోనే అమ్మండి, కొత్త బండిని మీకు నచ్చిన చోట కొనండి. విశాఖలో కొన్నా తాత్కాలిక నంబరుతో తెచ్చుకుని రాయగడలో రిజిస్టరు చేయించుకోవచ్చు. బయట అమ్మినా, పేరు మారిన ఆర్సీ నకలు చూపితే ఎక్స్‌ఛేంజ్ బోనస్ ఇస్తారా అని షోరూంను అడిగి, ఇస్తామంటే ఆ మాట కాగితం మీద తీసుకోండి.

బ్రోకరుకు ఇచ్చేటప్పుడు మాత్రం కొనేవారి పేరు రాయని ఫారం 29, 30 (యాజమాన్యం మార్చే ఫారాలు) మీద సంతకం పెట్టకండి. ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఎనిమిదేళ్ల కిందట నా పాత కారును ఒక మధ్యవర్తికి ఇచ్చి, డెలివరీ రసీదు తీసుకుని, ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి వచ్చేశాను. పద్నాలుగు నెలల తరువాత, నేనెన్నడూ వెళ్ళని ఊళ్లో ఆ కారు ఒక సైకిలు మనిషిని గుద్దిందని నాకు నోటీసు వచ్చింది. బండి అప్పటికి ముగ్గురి చేతులు మారింది, ఆర్సీలో మాత్రం నా పేరే ఉంది. ఆ సైకిలు మనిషి బతికి బయటపడ్డాడు గనుక కేసు తేలింది, కాని ఆ ఏడాది నేను కంటినిండా నిద్రపోలేదు. నష్టపరిహారం విషయంలో ఆర్సీలో పేరున్నవారే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా చెప్పింది. ఒకే రాష్ట్రంలో అమ్మితే పద్నాలుగు రోజుల్లో ఆర్టీఓకు తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ చెబుతోంది. ఆ పని మీరే దగ్గరుండి చేయించండి. పాత బండ్ల డీలరుకు ఇస్తే, 2023 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం అతనికి ఆర్టీఓ అనుమతి ఉందో లేదో చూసి, ఫారం 29సి ద్వారా బండి అప్పగించినట్టు తెలియజేయండి. అప్పటి నుంచి బాధ్యత అతనిది. ఫాస్టాగ్ మూసేయించండి. బండి మీద అప్పు తీరిపోయినా ఆర్సీలో బ్యాంకు పేరు మిగిలి ఉంటే ఫారం 35తో తీయించండి.

మరొకటి: ఇన్సూరెన్సు క్లెయిము చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, మీది, బండిది కాదు. వరుసగా ఐదేళ్లు క్లెయిము చేయకపోతే 50 శాతం దాకా వస్తుంది, మూడేళ్ల లోపు కొత్త బండికి మార్చుకోవచ్చు. కొత్త కారు సొంత నష్టం ప్రీమియంలో సగం తగ్గడమంటే చిన్న మొత్తం కాదు. అమ్మిన వెంటనే ఇన్సూరెన్సు కంపెనీ నుంచి ఆ ధ్రువపత్రం తీసుకోండి.

ప్రశ్న: నాన్నగారి 2019 డిజైర్‌ను మార్చి కొత్తది కొనే స్తోమత ఇప్పుడు లేదు. స్ప్రింగులు తగ్గించి, పెద్ద అలాయ్‌లు, వేరే సైలెన్సరు వేయించి, ఇంజిన్ రీమ్యాప్ (కంప్యూటరు సెట్టింగుల మార్పు) చేయిస్తే తక్కువలో స్పోర్టీగా అవుతుందని మిత్రులు అంటున్నారు. నిజమేనా?
– ఒక విద్యార్థి, పర్లాకిమిడి

జవాబు: వద్దు నాయనా. కంపెనీ తయారుచేసిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడం చెల్లదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మీద సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చి చెప్పింది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వారు మొదట చూసేది కూడా ఆ మార్పులనే, ఇబ్బంది పడేది ఆర్సీలో పేరున్న మీ నాన్నగారు. అదే డబ్బులో నాలుగు మంచి టైర్లు, కొత్త బ్రేకు ప్యాడ్లు, బ్రేకు నూనె మార్పు, షాక్ అబ్జార్బర్లు, అలైన్‌మెంటు చేయించు. తప్తపాణి ఘాట్‌లో ఒక ఉదయం నడిపి చూస్తే, స్టీరింగులో ఎంత మార్పు వచ్చిందో నీకే తెలుస్తుంది.

ప్రశ్న: నా వ్యాగన్‌ఆర్ ఇచ్చి, శ్రీకాకుళంలో ఒకరు వాడిన 2022 స్కోడా స్లావియా టర్బో తీసుకోవాలని చూస్తున్నాను. ఆంధ్ర నంబరుతోనే తిరగవచ్చా? ఏమేం చూసుకోవాలి?
– ఒక లెక్చరరు, బరంపురం

జవాబు: పన్నెండు నెలలకు మించి ఒడిశాలో ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెబుతోందమ్మా, కాబట్టి ఎన్‌ఓసీ చేతికి వచ్చాకే పూర్తి డబ్బు ఇవ్వండి, ఇక్కడ కట్టవలసిన పన్నును ముందే ధరలో కలిపి బేరమాడండి. బండిని ఉదయం, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మీ ఎదుటే స్టార్టు చేయించండి. మీరు వెళ్ళేసరికే ఇంజిన్ వెచ్చగా ఉంటే మరో రోజు వెళ్ళండి. డీఎస్‌జీ అయితే ఎక్కుడులో ఆపి కదిలించి చూడండి, కుదుపు వస్తే వదిలేయండి. కింద పడుకుని అడుగుభాగం చూడగల మెకానిక్కును తీసుకువెళ్ళండి. టైరు పక్కగోడ మీద నాలుగంకెలు ఉంటాయి: 2322 అని ఉంటే అది 2022లో ఇరవై మూడో వారంలో తయారైందని అర్థం. నాలుగు టైర్లలో ఒక్కదాని అంకెలు మాత్రం వేరుగా ఉంటే, ఆ ఒక్కటి ఎందుకు మార్చవలసి వచ్చిందో, ఆ చక్రం వైపు బంపరుకూ, ఫెండరుకూ మళ్లీ రంగు వేశారేమో అడగండి.