వాదనకి కూర్చునే ముందు టీవీని గేమ్ మోడ్‌లో పెట్టు

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

ఆదివారం మీ ఎంవీపీ కాలనీ గదిలో నలుగురూ చేరి, కన్సోల్ (టీవీకి తగిలించి ఆడే గేమ్ డబ్బా) మీద వచ్చిన ఫస్ట్ పర్సన్ షూటర్లలో, అంటే ఆటలో మనిషి కళ్ళతోనే చూస్తూ కాల్చే గేముల్లో, ఏది గొప్పదో తేల్చేస్తామని రాశావు. ఊరికే కూర్చుంటే తేలదురా. ఒకడు చిన్నప్పుడు ఆడినదాన్ని పట్టుకు వేలాడతాడు, ఒకడు ఇప్పుడు రోజూ ఆడేదే గొప్పదంటాడు, ఇంకొకడు అమ్మకాల లెక్కలు తీస్తాడు, నాలుగోవాడు తను ఆడకుండా యూట్యూబ్‌లో చూసినదానికి వకాల్తా పుచ్చుకుంటాడు. రాత్రి పదకొండు దాటేసరికి కింద ఫ్లాటువాళ్ళు తలుపు కొడతారు, అంతే.

ముందు ప్రశ్నని రెండుగా విడగొట్టి కాగితం మీద రాసి గోడకి అంటించు. ఒకటి: కన్సోల్ షూటర్లని ఎక్కువ మార్చింది ఏది? రెండు: ఈ రోజు, ఈ టీవీ మీద, కంట్రోలర్ పట్టి ఎక్కువ అలవాటు లేనివాడికి ఇస్తే, వాణ్ణి కుర్చీలోంచి లేవనివ్వనిది ఏది? మొదటిదానికి సాక్ష్యం చరిత్ర, రెండోదానికి సాక్ష్యం చెయ్యి. రెండూ కలిపి మాట్లాడేవాడికి ఒకసారి చెప్పు, రెండోసారి టీ పెట్టమని పంపెయ్.

రెండు ప్రశ్నలకీ కొలబద్ద మాత్రం ఒకటే, బొటనవేలు. మౌస్‌లో చెయ్యి ఎంత దూరం కదిపితే గురి అంత దూరం వెళ్తుంది. కంట్రోలర్ మీద బొటనవేలితో వంచే స్టిక్‌లో అలా కాదు, ఎంత వంచావన్నది గురి ఎంత వేగంగా తిరగాలో చెప్తుంది, ఎక్కడ ఆగాలో చెప్పదు. ఆపే పని నీదే. సెంటీమీటరు కూడా లేని కదలికలో మెల్లగా తిరగడం, గిర్రున తిరగడం రెండూ ఇమడాలి. ఈ ఇబ్బందిని ఎవడు ఎంత బాగా దాటించాడన్నదే కన్సోల్ షూటర్ గొప్పతనం. 'పీసీలో ఇంతకంటే బాగుంటుంది' అని ఎవడైనా అంటే అది వేరే వాదన, వేరే ఆదివారం పెట్టుకోమను.

మొదటి ప్రశ్నకి వద్దాం. 1997లో నింటెండో 64 మీద రేర్ వాళ్ళ గోల్డెన్ఐ 007 వచ్చింది. కంట్రోలర్‌కి ఒకటే స్టిక్, అందుకని గురిలో సగం పని గేమే చేసిపెట్టేది. కావాలంటే ఒకే ఆటగాడు రెండు చేతుల్లో రెండు కంట్రోలర్లు పట్టుకుని రెండు స్టిక్కులతో ఆడే పద్ధతి కూడా అందులో ఉంది, ఇది మీవాళ్ళలో ఎవడికీ తెలిసుండదు, దాచిపెట్టుకుని వాడు. నలుగురు ఒకే తెర పంచుకుని కొట్టుకోవడాన్ని ఇంటింటికీ తెచ్చింది ఇదే. ఆ గేములో పొట్టి పాత్ర ఆడ్‌జాబ్‌ని తీసుకోకూడదని స్నేహితుల మధ్య నిషేధం ఎందుకొచ్చిందంటే, ఆ సాయపు గురి మామూలు ఎత్తుకి పేలి గుళ్ళు వాడి తల మీంచి పోయేవి. 2000లో ప్లేస్టేషన్ మీద ఏలియన్ రిసరెక్షన్ ఎడమ స్టిక్‌తో నడక, కుడి స్టిక్‌తో చూపు అన్న పద్ధతి పెట్టింది. ఇప్పుడు మనం పుట్టుకతో వచ్చినట్టు ఆడే పద్ధతే అది. అప్పట్లో మాత్రం ఈ కంట్రోలేంటి బాబోయ్ అని సమీక్షల్లో తిట్లు పడ్డాయి.

2001 నవంబరులో ఎక్స్‌బాక్స్‌తో పాటు హేలో వచ్చింది. నా ఓటు మొదటి ప్రశ్నకి దీనికే. ఊరికే 'హేలో గ్రేట్' అంటే ఎవడూ ఒప్పుకోడు, ఒక్కొక్కటీ విప్పి చెప్పు. ఒకసారికి రెండు తుపాకులే మొయ్యనిచ్చింది, పదింటిలోంచి వెతుక్కునే పని బొటనవేలికి తప్పింది. గ్రెనేడ్‌కి విడిగా బటన్ ఇచ్చింది, చేతిలో తుపాకి మార్చకుండా విసరొచ్చు. ఒంటిని కాపాడే షీల్డు కాసేపు దాక్కుంటే నిండుతుంది, కాబట్టి గురి తప్పినందుకు వెంటనే చావవు, పక్కకి తప్పుకుని మళ్ళీ రావచ్చు. ఇక గురి శత్రువు మీదకి రాగానే తిరిగే వేగం తగ్గుతుంది, కొంచెం పక్కకి పేల్చిన గుండుని కూడా లోపలికి లాక్కుంటుంది. ఇవన్నీ ఒకే జబ్బుకి వేసిన మందులు. అంతకుముందు విడివిడిగా ఎవరో ఒకరు కొన్ని చేసే ఉన్నారు, ఆ మాట ఎదుటివాడు అనకముందే నువ్వే ఒప్పేసుకో. అన్నీ ఒకచోట అతికినట్టు కూర్చోబెట్టింది అదీ అను.

ఎదురుగా నిలబడగలిగింది కాల్ ఆఫ్ డ్యూటీ 4 ఒక్కటే. ఇక్కడ మంచి పోటీ ఉంది. 2007 సెప్టెంబరులో హేలో 3, నవంబరులో ఇది, రెండూ ఎక్స్‌బాక్స్ 360 మీద ఆడొచ్చు. రెండూ నిజానికి 720పీ (1280×720 చుక్కల బొమ్మ) కూడా కావు, హేలో 3 గీసింది 1152×640లో, కాల్ ఆఫ్ డ్యూటీ 4 గీసింది 1024×600లో. హేలో మిగిలిన శక్తిని వెలుగునీడల మీద పెట్టి సెకనుకి 30 ఫ్రేముల, అంటే 30 బొమ్మల, దగ్గర ఆగింది. రెండోది 60 పట్టుకుంది. 30లో ఒక్కో ఫ్రేమ్ 33 మిల్లీసెకన్లు నిలుస్తుంది, 60లో 17 లోపు. బటన్ నొక్కిన వెంటనే పేలిందన్న అనుభూతి అక్కడ పుట్టింది. పైగా ఆడే కొద్దీ తుపాకులు, పెర్కులు (ఆటగాడికి దొరికే చిన్న అదనపు శక్తులు) తెరుచుకునే పద్ధతి వాళ్ళు పెట్టాక ఆ తర్వాతి మల్టీప్లేయర్లు (పలువురు కలిసి ఆడేవి) చాలామటుకు ఆ దారే పట్టాయి. ప్రభావం అంటే మల్టీప్లేయర్ ఒక్కటే అనేవాడు దీనికి ఓటేస్తే నేను గట్టిగా కాదనలేను.

ఇప్పుడు రెండో ప్రశ్న. దీన్ని నోటితో తేల్చకండి, ఆడి తేల్చండి. అయితే గేమ్ బాలేదని తీర్పు చెప్పేవాళ్ళలో చాలామంది నిజానికి తిడుతున్నది వాళ్ళ టీవీని. బొమ్మకి మెరుగులు ఆపి ఆలస్యం తగ్గించే గేమ్ మోడ్ అనే టీవీ సెట్టింగు ఆన్ చెయ్యకపోతే కొన్ని టీవీలు బొమ్మని మెరుగులు దిద్దుతూ 100 మిల్లీసెకన్లకి పైగా ఆలస్యం చేస్తాయి. అంటే 60 ఫ్రేముల గేమ్‌లో ఆరు ఫ్రేములు గోవిందా. కొత్త టీవీ అయితే కన్సోల్ ఆన్ కాగానే తనే మారుతుంది, మీ గదిలో పాతదానికి మాత్రం రిమోట్‌తో పెట్టాలి, అదీ ఏ హెచ్‌డీఎంఐ పోర్టుకి కన్సోల్ పెట్టారో ఆ పోర్టుకే పెట్టాలి. మోషన్ స్మూతింగ్ (కదలిక నునుపుగా కనపడాలని టీవీ మధ్యలో బొమ్మలు కల్పించేది) ఉంటే ఆపెయ్. కన్సోల్ డబ్బాలో వచ్చిన కేబులే వాడు, సెట్‌టాప్ బాక్సుది పీకి పెట్టకు.

ఆలస్యం ఎంతో కళ్ళతో చూడాలంటే ఫోన్‌లో స్లో మోషన్ 240 ఫ్రేముల్లో పెట్టు. ట్రిగ్గర్ మీద వేలు, వెనక టీవీ తెర రెండూ ఒకే ఫ్రేములో పడేలా ఒకణ్ణి పట్టుకోమను. ట్రిగ్గర్ టక్కున నొక్కు. తర్వాత వీడియోని ఒక్కో ఫ్రేమూ జరుపుతూ, ట్రిగ్గర్ అడుగుకి తగిలిన ఫ్రేమ్ నుంచి తుపాకి మూతి దగ్గర మెరుపు కనిపించిన ఫ్రేమ్ దాకా లెక్కపెట్టు. ఒక్కో ఫ్రేమ్ నాలుగు మిల్లీసెకన్లకి కాస్త ఎక్కువ. ఇరవై వచ్చాయంటే 83. ఒకసారి చాలదు, అయిదుసార్లు తీసి మధ్యది తీసుకో. అదే టీవీ మీద రెండు గేములు ఇలా కొలిస్తే ఏది చేతికి బరువుగా ఉందో అంకెల్లో తేలిపోతుంది. 2009లో కిల్‌జోన్ 2 మీద జనం మొత్తుకున్నది ఈ బరువు గురించే. అది కావాలని పెట్టిన బరువని వెనకేసుకొచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, ఆ గొడవలోకి మీరు దిగకండి.

కంట్రోలర్ సంగతి కొంచెం ఎక్కువే చెప్పాలి, విశాఖలో ఉన్నావు కాబట్టి. స్టిక్ కింద ఉండే పొటెన్షియోమీటరులో కార్బన్ పట్టీ మీద చిన్న లోహపు ముక్క రాసుకుంటూ తిరుగుతుంది. అది అరిగినా, దుమ్ము చేరినా నువ్వు ముట్టుకోకుండానే గురి జరుగుతుంది, డ్రిఫ్ట్ అనేది అదే. సముద్రానికి దగ్గర ఇళ్ళల్లో ఉప్పుగాలి, ఉక్క దీనికి తోడు. ఆడనప్పుడు మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి పెట్టు. బీచ్ రోడ్డు నుంచి మురీ మిక్స్చర్, మిరపకాయ బజ్జీ తెచ్చుకుంటారు కదా, ఆ చేత్తో కంట్రోలర్ పట్టినవాడికి ఆ రౌండు ఓటు లేదని ముందే చెప్పు. డ్రిఫ్ట్ మొదలైతే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒకటి రెండు చుక్కలు స్టిక్ మొదట్లో వేసి, స్టిక్‌ని గుండ్రంగా తిప్పి, పూర్తిగా ఆరాక ఆన్ చెయ్యి. దుమ్ము అయితే పోతుంది, అరుగుదల అయితే పోదు. అప్పుడు మాడ్యూల్ మార్చాల్సిందే, డజనుకి పైగా టంకం చుక్కలు ఊడదీయాలి, సెల్ రిపేర్ బాగా వచ్చిన కుర్రాడి పని, నీది కాదు. మళ్ళీ మార్చేటప్పుడు అయస్కాంతంతో పనిచేసే హాల్ ఎఫెక్ట్ మాడ్యూల్ అడుగు, అందులో రాసుకునేది లేదు.

ప్రతి గేములోనూ డెడ్‌జోన్ (స్టిక్ ఎంత కదిలేదాకా గేమ్ పట్టించుకోకూడదో చెప్పే సెట్టింగు) సరిచేశాకే తీర్పు. స్టిక్ వదిలేసి డెడ్‌జోన్‌ని ఒక్కో మెట్టూ తగ్గించుకుంటూ రా, గురి తనంతట తను పాకడం మొదలైన చోట ఆగి రెండు మెట్లు పైకి పెట్టు. సెన్సిటివిటీ (స్టిక్‌కి గురి ఎంత వేగంగా తిరగాలన్నది) తక్కువ నుంచే మొదలెట్టు. ఫీల్డ్ ఆఫ్ వ్యూ (తెర మీద ఎంత వెడల్పు కనపడాలన్న కోణం) ఉన్న గేములో అందరికీ ఒకే అంకె పెట్టండి. 120కి లాగితే అంతా వేగంగా అనిపిస్తుంది గానీ దూరాన ఉన్నవాడు చీమంత అవుతాడు. మంచం చివర కూర్చుని చిన్న టీవీ చూసేవాడికి 90-100 మధ్య చాలు.

ఎయిమ్ అసిస్ట్ (గురి పెట్టడంలో గేమ్ చేసే సాయం) మీద తప్పకుండా గొడవ వస్తుంది, అందుకని దాన్ని చూపించే పద్ధతి చెప్తా. స్ప్లిట్ స్క్రీన్ (తెరని పంచుకుని ఆడేది) ఉన్న కాల్ ఆఫ్ డ్యూటీలో ప్రైవేట్ మ్యాచ్ పెట్టు. ఒకణ్ణి ఎదురుగా కదలకుండా నిలబెట్టి గురి వాడి గుండె మీద పెట్టు. కుడి స్టిక్ మీంచి బొటనవేలు పూర్తిగా తీసెయ్. ఇప్పుడు ఎడమ స్టిక్‌తో మాత్రమే నెమ్మదిగా పక్కకి నడువు. నువ్వు తిప్పకుండానే గురి కొంతదూరం వాణ్ణి అంటిపెట్టుకుని తిరుగుతుంది. సెట్టింగుల్లో టార్గెట్ ఎయిమ్ అసిస్ట్ ఆపి మళ్ళీ అదే చెయ్యి, గురి వాణ్ణి వదిలేసి తిన్నగా పోతుంది. ఇది చూశాక 'నాకు సాయం అక్కర్లేదు' అనే మాట ఎవడి నోటా రాదు. ఎదురు ఉదాహరణ కావాలంటే రెయిన్‌బో సిక్స్ సీజ్ ఉంది, ఆటగాళ్ళు ఆటగాళ్ళతో ఆడేచోట ఎయిమ్ అసిస్టే లేదు. 2024లో కన్సోల్‌కి వచ్చిన వాలరాంట్‌లోనూ లేదు, బదులుగా గురిని నెమ్మదింపజేసే ఫోకస్ మోడ్ పెట్టారు. గేమంతా మలుపు దగ్గర కాపు కాయడం మీద నడుస్తుంది కాబట్టి అక్కడ చెల్లింది. పరుగులు తీసే గేములో చెల్లదు. సీజ్‌లో అడాప్టర్ పెట్టి మౌస్‌తో ఆడే దొంగాటకి 2023లో మౌస్‌ట్రాప్ అని కావాలని ఆలస్యం కలపడం మొదలెట్టారు, మీవాళ్ళలో ఎవడైనా అడాప్టర్ తెస్తే బ్యాగులోనే ఉంచమను.

రెండో ప్రశ్నకి నా ఓటు టైటన్‌ఫాల్ 2, 2016ది. గోడల మీద పరుగు, జారుడు, డబుల్ జంప్ ఇన్నీ ఉండి కూడా వేళ్ళు చిక్కుపడవు, అయిదారు గంటల్లో కథ అయిపోతుంది, 'ఎఫెక్ట్ అండ్ కాజ్' అనే ఒక్క లెవెల్ ఆడిస్తే చాలు. ఇది బాగా అమ్ముడుపోలేదు అంటారు. బ్యాటిల్‌ఫీల్డ్ 1కి వారం తర్వాత, కాల్ ఆఫ్ డ్యూటీ కొత్తదానికి వారం ముందు దింపితే ఏదైనా నలుగుతుంది. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లో అయితే మేనేజ్ గేమ్‌లోకి వెళ్ళి కంపాటబిలిటీ ఆప్షన్స్‌లో ఎఫ్‌పీఎస్ బూస్ట్ (సెకనుకి ఫ్రేములు పెంచేది) ఆన్ చెయ్యి. డూమ్ ఎటర్నల్ దీనికి దగ్గర్లో ఉంది గానీ కొత్తవాడి చేతికి మొదటి గంటలో బటన్లు ఎక్కువైపోతాయి. బయోషాక్‌లో ఊరు, కథ అద్భుతం, తుపాకి మాత్రం సామాన్యం. మెట్రాయిడ్ ప్రైమ్‌ని ఎవడైనా తెస్తే పక్కన పెట్టు, అందులో గురి లాక్ చేసుకుంటుంది, మన కొలబద్దకి దొరకదు. మెటాక్రిటిక్ (సమీక్షల మార్కుల సగటు చూపే సైటు) అంకెలు తీస్తే హేలోకీ పర్‌ఫెక్ట్ డార్క్‌కీ 97, గోల్డెన్ఐకి 96, వాటితో ఏం తేలుస్తావు?

నలుగురూ కలిసి ఒకే తెర మీద ఆడాలంటే ఎక్స్‌బాక్స్ ఉన్నవాడి దగ్గర హేలో మాస్టర్ చీఫ్ కలెక్షన్ చాలు. నాలుగు ప్రొఫైళ్ళు ముందే తయారుచేసి ఉంచండి, లేకపోతే పాస్‌వర్డ్ మర్చిపోయినవాడి కోసం గంట పోతుంది. హేలో 5లో స్ప్లిట్ స్క్రీన్ తీసేశారు, దాన్ని తేవద్దు.

ఆన్‌లైన్ రౌండు పెడితే వైఫై మీద వద్దు, అపార్ట్‌మెంట్లో పది రౌటర్లు ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి, లాన్ కేబుల్ లాగు. సర్వర్ ఎంచుకోనిచ్చే గేములో ముంబై, సింగపూర్ రెంటిలో దేనికి పింగ్ (సర్వర్‌దాకా వెళ్ళి రావడానికి పట్టే సమయం) తక్కువ చూపిస్తే దానికే అందరూ. నెట్‌వర్క్ సెట్టింగుల్లో నాట్ టైప్ స్ట్రిక్ట్ (వేరేవాళ్ళతో కలవడానికి అడ్డు ఉందన్నమాట) అని వస్తే తప్పు కన్సోల్‌ది కాకపోవచ్చు, ఒకే పబ్లిక్ ఐపీని ఎంతోమందికి పంచే ఇంటర్నెట్ కంపెనీలు చాలా ఉన్నాయి. ఫోన్ చేసి విడిగా పబ్లిక్ ఐపీ అడగాలి, నెలకి కొంత తీసుకుంటారు.

ఇన్వర్టర్ ఉంది కదా అని ధీమాగా ఉండకు. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ క్షణంలో కన్సోల్ ఆఫ్ అయిపోవచ్చు. ఇన్వర్టర్ వెనకో ముందో యూపీఎస్ మోడ్ అని స్విచ్ ఉంటుంది, దాన్ని అటు వెయ్యి. గేములు, అప్‌డేట్లు శనివారం రాత్రే దించుకో, కాల్ ఆఫ్ డ్యూటీ ఒక్కటే వంద జీబీ దాటుతుంది. ఒక్కొక్కడికీ ఒక్కో గేమ్‌లో ఇరవై నిమిషాలు, మధ్యలో ఎవడూ వ్యాఖ్యానం చెయ్యకూడదు, ఓటు చీటీ మీద రాసి మడిచి స్టీలు గిన్నెలో వెయ్యాలి. చీటీలు విప్పేది మీలో ఎవడూ కాదు, మీ అమ్మని పిలు.

ఇట్లు,
మీ మావయ్య