పాత సెమ్మెకు మెషిన్ పాలిష్ వద్దు

ప్రశ్న: మా నాయనమ్మగారి ఇత్తడి దీపపు సెమ్మె నా వాటాకు వచ్చింది. మూడడుగుల ఎత్తు, పైన హంస. పాత నూనె జిడ్డుతో నల్లబడింది. ప్రమిద దగ్గర మర వదులై ఊగుతోంది. పీఠం అడుగున చుక్కలతో ఏవో అక్షరాలున్నాయి. మెషిన్ పాలిష్ పెట్టించవచ్చా? ఎంత పాతదో, ఎక్కడిదో తెలుస్తుందా? డాలస్‌లో ఉన్న మా అమ్మాయి తీసుకువెళతానంటోంది.
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: అమ్మా, పాలిష్ ఆలోచన మానుకోండి. పాలిష్ మెషిన్ చక్రానికి ముందుగా అరిగిపోయేవి ఆ చుక్కల అక్షరాలే. వాటిపై బియ్యప్పిండి రుద్ది, పైపైన తుడవండి. చుక్కల్లో పిండి నిలిచి పేరు కనబడుతుంది. సారె సామానుపై పేర్లు కొట్టించడం మన ఇళ్లలో ఉన్నదే. ఆ పేరు ఎవరిదో, ఆమె పెళ్లి ఎప్పుడో పెద్దలను అడగండి. వయసు విషయంలో నేను అన్నిటికన్నా దీన్నే నమ్ముతాను.

హంసను చూసి ఊరు చెప్పలేం. కుంభకోణం దగ్గరి నాచ్చియార్‌కోయిల్‌లోనూ హంస దీపాలు పోస్తారు. పాతదో కాదో తెలియాలంటే మరలు విప్పి చూడండి. చేత్తో కోసినవైతే వరుసలు సమంగా ఉండవు. నిజంగా వాడిన దీపంలో నలుపు సందుల్లో ఉంటుంది, చెయ్యి తగిలే చోట్లు నున్నగా అరిగి ఉంటాయి. అంతటా ఒకేలా నల్లగా ఉంటే, కావాలని పాతదిలా చేశారేమోనని అనుమానించాలి.

జిడ్డుకు వేడినీళ్లు, చాకలి సోడా చాలు. భాగాలను నానబెట్టి, వెదురుపుల్లతో, పాత టూత్‌బ్రష్‌తో తీయండి. ఇటుకపొడి, ఇనుప పీచు దగ్గరికి రానివ్వకండి. చింతపండు రుద్దితే వెంటనే కడిగేయండి. రాత్రంతా ఉంచితే పులుపు ఇత్తడిలోని జింకును లాగేసి, రాగి ఎర్రగా బయటపడుతుంది. ఆ మచ్చ తేలిగ్గా పోదు. కడిగాక ఎండలో పూర్తిగా ఆరనివ్వండి, బోలు కాండంలో తడి మిగిలితే చిలుము పడుతుంది.

ఊగే మరకు తగరం మాటు వేయించకండి, ఇక విప్పడం కష్టం. మర వరుసల్లో నూలుపోగు చుట్టి బిగించండి, నిలబడుతుంది.

ఇక డాలస్ సంగతి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన ఇలాంటి వస్తువును సొంతంగా దేశం దాటించకూడదు. నూరేళ్ల లోపుదని తోస్తే, పురావస్తువు కాదన్న ధ్రువపత్రం భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ ఇస్తుంది. మీ అమ్మాయి టికెట్ కొనకముందే దానికి దరఖాస్తు పెట్టండి.