మోకాలి మీద అట్ట, దారానికి పెన్సిల్

గుంటూరు, బ్రాడీపేట

బుజ్జీ,

నువ్వు కొత్త విమానాల్ని ఎగరేసి పరీక్షించే టెస్ట్ పైలట్ అవుతానంటున్నావట, మీ నాన్న ఫోన్లో చెప్పి ఒకటే కంగారు. నాకైతే మీసం మెలేయాలనిపించింది. ఎయిర్‌ఫోర్స్‌లో ఇరవయ్యేళ్లు ఫిట్టర్‌గా నూనె చేతులతో బతికినవాణ్ణి. విమానం నడపలేదు గానీ, నడిపి దిగినవాళ్లు చెప్పేది రోజూ విన్నాను.

ఒకసారి ఓ కుర్ర పైలట్ దిగీ దిగగానే ఫామ్ 700లో (విమానం లోపాలు రాసే పుస్తకం) 'విమానం వణుకుతోంది' అని గిలికి భోజనానికి పోయాడు. ఎంత వేగంలో, ఎప్పుడు, ఎంతసేపు? ఒక్క ముక్క లేదు. రెండ్రోజులు ప్యానెళ్లన్నీ విప్పాం, బిగించాం. మూడోనాడు ఇంకో ఆయన అదే విమానం ఎక్కాడు. మోకాలికి కట్టుకున్న అట్ట మీద, దారానికి వేలాడే పెన్సిల్‌తో రాసుకొచ్చాడు: చక్రాలు లోపలికి వెళ్లగానే, నాలుగు సెకన్లు, ఎడమ పాదం కింద. అరగంటలో చక్రం తలుపు దగ్గర వదులైన బోల్టు దొరికింది. నువ్వు అవ్వాల్సింది ఆ రెండో మనిషివి.

సురంజన్ దాస్ గురించి చదువు. 1961 జూన్ 17న బెంగళూరులో, మన దేశంలోనే తయారైన మారుత్ యుద్ధవిమానాన్ని మొదటిసారి ఎగరేసింది ఆయనే. అందరికీ ఆ రోజే గుర్తు. నాకు మాత్రం అంతకు రెండేళ్ల ముందు చేసిన చెక్క విమానం ముద్దు. ఇంజన్ లేదు, సైజు మాత్రం అదే. డకోటా అనే రవాణా విమానానికి తాడు కట్టి పైకి లాగి, వదిలి చూశారు. 1970 జనవరిలో మారుత్ పరీక్షలోనే దాస్ గారు పోయారు. మీ నాన్న భయం ఉత్తిది కాదు, అది నీకూ తెలిసుండాలి.

తొందర పడితే ఈ పనికి పనికిరావు. 1983లో మొదలెట్టిన మన తేజస్ యుద్ధవిమానాన్ని 2001 జనవరి 4న రాజీవ్ కొఠియాల్ మొదటిసారి ఎగరేశారు. ఎంతసేపనుకున్నావ్? 18 నిమిషాలు!

ఇక దారి. ముందు కళ్ల డాక్టర్ దగ్గరికెళ్లు, పుస్తకాలు తర్వాత. ఎన్డీఏలో, అంటే సైన్యం ఆఫీసర్లని తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీలో, 2022 నుంచి ఆడపిల్లలకీ సీట్లున్నాయి. దాని ప్రవేశపరీక్షలో, మీ బెజవాడ కాలేజీల వాళ్లు తోమితోమి నేర్పే లెక్కలకి 300 మార్కులు. జనరల్ ఎబిలిటీకి 600. ఆ తర్వాత ఎస్‌ఎస్‌బీ అనే ఇంటర్వ్యూ ఒక్కదానికే 900! అక్కడ ఐదు రోజులు నోరు విప్పి మాట్లాడాలి. స్టడీ అవర్లో నోరు కట్టేసుకున్న పిల్లలు అక్కడే తడబడతారు. పైలట్ ఆప్టిట్యూడ్ పరీక్ష మాత్రం జన్మకొక్కసారే, నిద్ర చాలకుండా వెళ్లకు. ఆపైన ఎన్డీఏ ఉన్న ఖడక్‌వాస్లా, మన దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ, స్క్వాడ్రన్లో ఏళ్లకేళ్లు. బెంగళూరు టెస్ట్ పైలట్ స్కూలు మాట అప్పుడు.

ఆదివారం వస్తావుగా. బస్సు వారధి ఎక్కాక ఎక్కడ వణికిందో, అప్పుడు డ్రైవర్ ఏ గేర్లో ఉన్నాడో, ఎన్ని సెకన్లు వణికిందో రాసుకురా. 'బాగా కుదిపింది పెదనాన్నా' అన్నావంటే మీ పెద్దమ్మ చేసే పులిహోర నీకుండదు.

ఆశీస్సులతో,
పెదనాన్న