ఎండిన వేపచెట్టు, ఇంటి బీమా: మేనల్లుడికి లేఖ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

కావలి ఇంటి పెరట్లో ఎండిపోయిన వేపచెట్టును కొట్టించే ఖర్చు ఇంటి బీమా నుంచి వస్తుందా అని అడిగావు. రాదు. జరిగిన నష్టానికి బీమా డబ్బు వస్తుంది గాని, జరగబోయేదాన్ని తప్పించడానికి మనం పెట్టుకునే ఖర్చుకు రాదు. 2021 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న భారత్ గృహ రక్ష పాలసీలో, తుఫానుతో పాటు, చెట్టు కూలి ఇంటి మీద పడటం కూడా వర్తించే ప్రమాదాలలో ఉంది. ప్రహరీ గోడ, గేటు, నీళ్ళ ట్యాంకు కూడా కట్టడంలో భాగమే. దేనికీ తగలకుండా చెట్టు పెరట్లోనే ఒరిగితే మాత్రం క్లెయిముకు ఆధారమే ఉండదు.

చాలామంది గమనించని సంగతి మరొకటి ఉంది. ప్రమాదం తరువాత శిథిలాలను తొలగించే ఖర్చుకు ఆ పాలసీ పెట్టిన పరిమితి క్లెయిము మొత్తంలో 2 శాతం. మిద్దె పిట్టగోడ, ట్యాంకు, కిటికీలు పగిలి 2 లక్షల క్లెయిము మంజూరైందనుకో, తొలగింపుకు దక్కేది 4 వేలు. అంత మాను కొమ్మలు నరికి, మొద్దులు కోసి, ట్రాక్టరుకు ఎత్తించడానికి అది ఏ మూలకు? అందులోనూ తుఫాను మరునాడు ఊరంతా రంపం మిషన్ల కోసం తిరుగుతూ ఉంటుంది.

అలాగని తొందరపడి కొట్టించవద్దు. 2021 ప్రాంతంలో ఫోమాప్సిస్ శిలీంద్రం తెచ్చే ఎండు తెగులు సోకి మోడుల్లా కనిపించిన వేపచెట్లు ఎన్నో తరువాత చిగిర్చాయి. చిటారు కొమ్మలను చూసి నిర్ణయించక, మానుకు దగ్గరగా ఉన్న కొమ్మ బెరడును చాకు మొనతో గీకి చూడు. లోపల పచ్చగా, తడిగా ఉంటే ప్రాణమున్నట్టే. ఎండు కొమ్మలు తీయిస్తే సరిపోతుంది. గోధుమ రంగులో పొడిపొడిగా రాలినా, మాను అడుగున పుట్టగొడుగులు మొలిచినా, తట్టినప్పుడు డొల్ల చప్పుడు వచ్చినా ఇక దాన్ని ఉంచవద్దు.

చెట్టు మనదే అయినా 2002 నాటి జల, భూమి, చెట్ల చట్టం ప్రకారం నరకడానికి అనుమతి అవసరం కనుక, ఫొటోలు జతచేసి ముందుగా పురపాలక సంఘంలో అడిగి, వారు చెప్పిన అధికారికి అర్జీ ఇచ్చి రసీదు తీసుకో. కరెంటు తీగ పక్కనే ఉంటే లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుని ఆ తీగలో కరెంటు ఆపించాకే మనిషిని చెట్టెక్కనివ్వాలి; ఈ విషయంలో ఎవరి ధైర్యాన్నీ నమ్మవద్దు. ఒకవేళ పొరుగువారి చెట్టు ఇలాగే ఉండి, నోటిమాటను వారు పట్టించుకోకపోతే, రాతపూర్వకంగా తెలియజేసి, అప్పటికీ కదలకపోతే ఆర్డీవోకు అర్జీ పెట్టవచ్చు. కూలిపోయేలా ఉండి జనానికి ప్రమాదమయ్యే చెట్టును తీయించే అధికారం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఆయనకు ఉంది.

మన తీరానికి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గండకాలం. 2023లో మిగ్‌జాం తుఫాను డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. కాబట్టి వినాయక చవితి లోపలే ఈ పని పూర్తిచేయించు.

ఈలోగా చెట్టు ఇంటి మీద పడితే మాత్రం, ఒక్క కొమ్మను కూడా కదిలించకముందే నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి, ఆ రోజే కంపెనీకి తెలియజేసి, నష్టాన్ని అంచనా వేసే బీమా సర్వేయరు వచ్చేవరకు పగిలిన ముక్కలను పక్కన పోగుచేసి ఉంచు.

ఇట్లు,
మామయ్య,
ఒంగోలు