హాల్లో వైర్లు, మూడు వారాల మౌనం

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం, సొంత ఇల్లు. మా వారు మూడేళ్లుగా ఇంట్లోనే డబ్బింగ్, భక్తిగీతాల రికార్డింగ్ పనులు చేస్తున్నారు. కంప్యూటరు హాల్లో ఉంటుంది, మైకు బాబు గదిలో ఉంటుంది, మధ్యలో నేలంతా వైర్లే. గత నెల ఒక రాత్రి 71 ఏళ్ల మా మామగారు వాటికి కాలు తగిలి పడిపోయారు. ఎడమ మణికట్టు దగ్గర ఎముక చిట్లింది. మర్నాడు పొద్దున్నే నేను వైర్లన్నీ పీకి, రబ్బరు బ్యాండ్లు వేసి, సంచిలో కుక్కి అటక మీద పెట్టేశాను. ఆ రోజు ఇవ్వాల్సిన పని ఆయన ఇవ్వలేకపోయారు. మళ్లీ తగిలించాక స్పీకర్లలో గుయ్యిమని మోత వస్తోందని, అది నావల్లేనని అంటున్నారు. ఏదో ప్లగ్గుకి పెద్ద పిన్ను తీసేస్తే కొంత తగ్గిందట. మూడు వారాలుగా మా మధ్య మాటల్లేవు. ఏం కావాలన్నా తొమ్మిదేళ్ల బాబుతో చెప్పిస్తున్నారు. ఇల్లు నాది కూడా కదా? తప్పు నాదేనా?

జవాబు: మీరు ఒక్క వాక్యంలో చెప్పి దాటేసిన సంగతితోనే మొదలుపెడతాను, ఎందుకంటే అది రేపటిదాకా ఆగేది కాదు. ప్లగ్గులో పైన లావుగా, పొడుగ్గా ఉండే పిన్ను ఎర్త్‌ది. యంత్రం లోపల ఎప్పుడైనా కరెంటు తీగ జారి లోహపు పెట్టెకు తగిలితే, ఆ కరెంటు ఎర్త్ దారిన పోయి ఫ్యూజునో ఎంసీబీనో పడగొడుతుంది. పిన్ను తీసేసినప్పుడు ఆ దారి మూసుకుపోతుంది, పెట్టె 230 వోల్టులతో అలాగే ఉండిపోతుంది. మైకు ఒంటిమీది లోహం ఆ యంత్రాలతోనే కలిసి ఉంటుంది, మీ వారు దాన్ని పెదవులకు నాలుగు వేళ్ల దూరంలో పెట్టుకుని పాడతారు. ఆ ప్లగ్గు ఈ రోజే మార్చాలి. మూడు వారాల తరువాత మీరు ఆయనతో మాట్లాడే మొదటి మాట ఇదే కావాలని నా కోరిక. బాబుతో చెప్పించకుండా మీరే ఆయన దగ్గరికి వెళ్లి, "మోత సంగతి తరువాత చూద్దాం, ఆ పిన్ను లేకుండా మీరు మైకు పట్టుకుంటే నాకు భయంగా ఉంది" అని చెప్పండి. మీ ఉత్తరంలో కోపం వెనక నాకు కనిపించింది ఆ భయమే.

ఇక తప్పు ఎవరిదన్న ప్రశ్న. వృద్ధుడు పడిపోయిన ఇంట్లో, మళ్లీ ఎవరూ పడకూడదని వైర్లు తీసేసిన కోడలిని నేను తప్పుపట్టలేను. అయితే అడగకుండా పీకడం, అదీ పని అప్పగించాల్సిన రోజున పీకడం మాత్రం పొరపాటే. దానికి మీరు క్షమాపణ చెప్పాలి, ఆ ఒక్కదానికే చెప్పాలి. నడిచే దారిలో వైరు ఉండకూడదన్న మాట మీద మీరు వెనక్కి తగ్గనక్కరలేదు.

ఆయన వైపు నుంచి కూడా ఒకసారి చూడండి. పడింది ఆయన కన్నతండ్రి, పడేసింది ఆయన పరచిన వైరు. ఆ రాత్రి ఆసుపత్రి నుంచి వచ్చిన మనిషికి తెల్లవారేసరికి తన పనిముట్లన్నీ సంచిలో, అటక మీద కనిపిస్తే, "ఈ పాపం నీదే" అని ఇల్లంతా తీర్పు చెప్పినట్టు అనిపించి ఉంటుంది. సిగ్గుపడ్డ మనిషి చాలాసార్లు కోపంగానే కనిపిస్తాడు. ఇది ఆయన మౌనానికి సమర్థన కాదు. తొమ్మిదేళ్ల పిల్లాడిని కబుర్ల బంట్రోతును చేయడం అన్యాయం, అది ఇద్దరూ ఈ రోజే మానాలి.

మోత మీవల్లే వచ్చిందా అంటే, కచ్చితంగా అలా చెప్పడానికి లేదు. ఇలాంటి మోతకు తరచూ కారణం ఎర్త్ రెండు దారులు పట్టడం. కంప్యూటరు హాలు బోర్డులో, స్పీకర్లు వేరే గది బోర్డులో పెడితే, రెండు ఎర్త్‌ల మధ్య ఉండే చిన్న తేడా ఆడియో వైరు గుండా తిరుగుతూ మన కరెంటుకున్న 50 హెర్ట్జ్ దగ్గర, దాని రెట్టింపు దగ్గర గుయ్యిమంటుంది. హడావిడిగా మళ్లీ తగిలించినప్పుడు ప్లగ్గులు చోట్లు మారి ఉండవచ్చు. అందుకని రికార్డింగ్ సామానంతా ఒకే బోర్డు నుంచి, మంచి ఎర్త్ ఉన్న ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుతో నడపమనండి. కంప్యూటరు, ఇంటర్‌ఫేసు (మైకును కంప్యూటరుకు కలిపే పెట్టె), రెండు చిన్న స్పీకర్లు కలిపినా 6 ఆంపియర్ల సాకెట్టు సాధారణంగా సరిపోతుంది. ఇస్త్రీపెట్టె మాత్రం దానికి తగిలించకండి. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఇంటి ఎర్త్‌ను కొలిపించండి. బొగ్గు, ఉప్పు వేసి పూడ్చిన పాతకాలపు ఎర్త్ గుంత అయితే ఎండాకాలంలో ఆరిపోయి సరిగా పనిచేయదు, నీళ్లు పోస్తూ ఉండాలి. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి, అంటే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, లేకపోతే అదే రోజు పెట్టించండి.

మీరిద్దరూ కలిసి చేయాల్సిన పని అసలు ఇక్కడే ఉంది. మైకు బాబు గదిలో ఎందుకు ఉందో మీకు ఎవరైనా చెప్పారా? కంప్యూటరు ఫ్యాను చప్పుడు మైకులో పడకూడదని దాన్ని దూరంగా పెడతారు. అది ఆయన మొండితనం అని మీరు అనుకుని ఉంటే, కాదు. ఇక ఒక మైకు వైరు చేతిలోకి తీసుకుని కొన చూడండి. గుండ్రటి లోహపు గొట్టంలో మూడు సన్నని పిన్నులు త్రికోణంగా ఉంటాయి. ఒకటి ఎర్త్‌కు. మిగిలిన రెండూ ఒకే ధ్వనిని, ఒకటి సూటిగా, ఒకటి తిరగేసి మోస్తాయి. దారిలో దూరిన చప్పుడు రెండింటిలోనూ ఒకేలా పడుతుంది కాబట్టి, అవతలి కొసన ఒకదానిలోంచి ఒకటి తీసివేసినప్పుడు అది చాలావరకు రద్దయిపోతుంది. అందువల్లే ఈ వైరు ఇరవై, ముప్పై మీటర్లు పోయినా ధ్వని చెడదు. హాలు మధ్యగా అడ్డంగా ఈడ్చడానికి బదులు గోడ వెంట పీవీసీ కేసింగ్‌లో నడిపి, ద్వారబంధం పైనుంచి బాబు గదిలోకి దించితే, పొడవు రెట్టింపైనా నష్టం లేదు. వైరు పొడవైతే పాట పాడవుతుందని మీ వారు అంటే, ఆ భయం గిటారు, కీబోర్డుల మామూలు వైర్ల విషయంలో నిజం, వాటిని పొట్టిగానే ఉంచాలి. యూఎస్‌బీ వైరు కూడా మామూలుగా 5 మీటర్లు దాటకూడదు. కాబట్టి చుట్టు తిరగాల్సింది మైకు వైరే. కరెంటు వైర్లు మాత్రం వేరే గోడ పట్టాలి. రెండూ కలిసే చోట పక్కపక్కన సాగకుండా అడ్డంగా దాటాలి.

మీరు తెలియక చేసినా ఆయన పనిముట్లకు చెరుపు చేసేది ఒకటి ఉంది: రబ్బరు బ్యాండు బిగించి మడిచి కుక్కడం. మోచేతికి తాడు చుట్టినట్టు చుట్టినా లోపలి తీగలు మెలిపడతాయి. ఒక చుట్టు మామూలుగా, తరువాతి చుట్టు లోపలికి తిప్పి వేస్తూ వదులుగా చుట్టి, వెల్క్రో పట్టీ వేయాలి. ఆ చుట్టడం ఆయన చేతే నేర్చుకోండి. తన పనిలోది ఒకటి భార్యకు నేర్పుతున్న మనిషి ఎక్కువసేపు బిగుసుకుని ఉండలేడు. మా తమ్ముడి ఇంట్లో నేను కళ్లారా చూసిన మాట ఇది. అలాగే, వైరు తీసేముందు స్పీకర్ల వాల్యూము తగ్గించాలని, మైకుకు వెళ్లే 48 వోల్టుల ఫాంటమ్ స్విచ్చి ఆపాలని కూడా ఆయననే చూపించమనండి. అత్యవసరంగా తీయాల్సి వస్తే మీకు తెలిసి ఉండాలి.

ప్రతి వైరుకు రెండు కొసలా పేరు రాసిన చీటీ ఉండాలి, ఒక కొసన మాత్రమే ఉంటే అవతలి కొస వెతుక్కోవడంతోనే పూట గడిచిపోతుంది. ఈ చీటీలు మామగారి చేత రాయించమని నా సలహా. పడిన రోజు నుంచి తనవల్లే కొడుకూ కోడలూ మాట్లాడుకోవడం లేదని ఆ పెద్దాయన బాధపడుతూ ఉంటారు. కుడిచేయి బాగానే ఉందిగా, కూర్చోబెట్టి "బాబు గది మైకు", "కుడి స్పీకరు", "ఇది తీయవద్దు" అని తెలుగులోనే రాయించండి. ఆయనకు అర్థమయ్యేలా రాసినవి ఇంట్లో అందరికీ అర్థమవుతాయి. చీకట్లో ఆయన నడిచే దారి ఏదో ఆయననే అడిగి, ఆ దారిలో నేలమీద ఒక్క వైరు కూడా లేకుండా చూసి, అక్కడొక చిన్న రాత్రి దీపం పెట్టించండి.