గేటు చప్పుడైతే పాప మెషీన్లు తీసేస్తోంది

భీమవరం నుంచి ఒక తల్లి రాశారు. పేరు వేయవద్దన్నారు. ఉత్తరం నాలుగు పేజీలుంది, క్లుప్తంగా ఇస్తున్నాను.

"మా పాపకు నాలుగేళ్ళు. రెండు చెవులకూ 65 డెసిబెల్స్ వినికిడి లోపం ఉందన్నారు. రెండో ఏడు నుంచి చెవి వెనక పెట్టే మెషీన్లు వాడుతున్నాం. ఇప్పుడు చక్కగా మాట్లాడుతోంది. మాది మేనరికం, అత్తయ్య నాకు సొంత మేనత్త. బంధువులు వస్తే పాప మెషీన్లు తీసెయ్యమంటారు. ఆడపిల్ల, నలుగురి నోట్లో పడితే రేపు సంబంధాలు రావంటారు. గొడవెందుకని నేనూ తీసేస్తున్నాను. ఈ మధ్య గేటు చప్పుడైతే చాలు, పాపే మెషీన్లు తీసి నా చేతిలో పెడుతోంది. వచ్చే నెల మా ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్. ఫొటోల్లో కనబడకుండా చెవి లోపలికి పోయే చిన్న మెషీన్లు ఉంటాయట కదా, అవి పాపకు పెట్టొచ్చా? ఎంతవుతుంది? మావారు చాలా మంచివారు. ఎరువుల షాపు, ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిది. ఈ విషయాల్లో కలగజేసుకోరు."

అమ్మా, మీ ప్రశ్న సంగతి ముందు తేల్చేస్తాను. ఇంత చిన్న పిల్లలకు లోపలి మెషీన్లు సాధారణంగా పెట్టరు. పిల్లతోపాటు చెవి రంధ్రం కూడా పెరుగుతుంది. వెనక పెట్టే మెషీన్ అయితే చెవిలో ఉండే మోల్డ్ ఒక్కటి మార్చుకుంటే సరిపోతుంది. లోపలిదైతే మొత్తం మళ్ళీ చేయించాలి. ధర గురించి నన్నడగకండి. పాపకు అక్కర్లేని వస్తువు అది.

ఉత్తరంలో నేను ఆగిపోయింది గేటు చప్పుడు దగ్గర. ఆ చప్పుడు పాపకు వినిపిస్తున్నదే మెషీన్లు ఉండబట్టి. రెండేళ్ళు మీరు కష్టపడి వినడం నేర్పారు. ఆ విన్న చెవులతోనే, ఎవరైనా వస్తే తన చెవులు దాచుకోవాలని కూడా నేర్చుకుంది. నాలుగేళ్ళ పిల్లకు సంబంధాలంటే ఏం తెలుసు? తనలో ఏదో తప్పుంది, అది బయటివాళ్ళు చూడకూడదు అన్నంతవరకే తెలుస్తుంది.

మా పెదనాన్నగారి అబ్బాయికి చిన్నప్పుడు జేబులో పెట్టుకునే డబ్బా మెషీన్ ఉండేది. దాని వైరు చొక్కా లోపలి నుంచి చెవికి వెళ్ళేది. చుట్టాలొస్తే పెద్దమ్మ దాన్ని తీసి బీరువాలో పెట్టేసేది. ఆమెకు కొడుకంటే ప్రాణం, అయినా అలా చేసేది. అన్నయ్యకు ఇప్పుడు అరవై దాటాయి. మంచి మెషీన్ కొనే స్తోమత ఉంది, కొన్నాడు కూడా. నలుగురిలోకి వచ్చేటప్పుడు మాత్రం పెట్టుకోడు. అందరూ నవ్వితే తనూ నవ్వుతాడు, ఎందుకో తెలియకుండానే. ఆ నవ్వు చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది. మీ పాప అలా కూర్చోకూడదు.

మనం మామూలుగా మాట్లాడే మాట 60 డెసిబెల్స్ దాకా ఉంటుంది. మీ పాపకు వినిపించడం మొదలయ్యేది 65 దగ్గర. అంటే మెషీన్లు తీసిన ప్రతిసారీ ఆ ఇంట్లో మాటలన్నీ తనకు ఆగిపోయినట్టే. మనం ఎవరూ పనిగట్టుకుని నేర్పని మాటలు పిల్లలు పెద్దవాళ్ళ కబుర్ల మధ్య తిరుగుతూ ఏరుకుంటారు. ఆ మాటలు ఎక్కువగా దొరికేది చుట్టాలు వచ్చినప్పుడే. సరిగ్గా అప్పుడే మీరు తీసేస్తున్నారు. నిద్రకూ స్నానానికీ తప్ప రోజంతా ఉంచమని ఆడియాలజిస్టు మీకు చెప్పే ఉంటారు.

మీరు మూడు పేజీలు అత్తయ్య గురించి రాశారు. మీవారి గురించి మూడు వాక్యాలు రాశారు. నాకు కనబడిన సమస్య ఆ మూడు వాక్యాల్లోనే ఉంది. "కలగజేసుకోరు" అన్నారు. తన కూతురి చెవుల విషయంలో తండ్రి కలగజేసుకోకపోవడం ఏమిటమ్మా? పక్కింటి గొడవా అది? మూడో పేజీలో ఒక మూల ఇంకో మాట రాశారు, వైకల్యం ఉందని ప్రభుత్వమిచ్చే సదరం సర్టిఫికెట్‌కు వెళదామంటే ఊళ్ళో తెలుస్తుందని ఆయన వద్దన్నారని. అంటే తల్లి పైకి అంటున్న మాటే కొడుకు మనసులోనూ ఉంది. ఆమె అంటున్నారు, ఆయన అనకుండా కూర్చుంటున్నారు, మీరు ఇద్దరి మాటా చెల్లిస్తున్నారు. "పాపం అలసిపోయి వస్తారు" అని ఆయన్ని వెనకేసుకొస్తున్నది కూడా మీరే.

ఒక్కటి అడుగుతాను. రెండేళ్ళలో ఒక్కసారైనా ఆయన తన చేత్తో పాపకు మెషీన్ పెట్టారా? మోల్డ్ ఎటు తిప్పి దూర్చాలో, కూ అని మోగితే సరిగ్గా కూర్చోలేదనో బిగువు తగ్గిందనో అనుమానించాలని ఆయనకు తెలుసా? తెలియదనే నా నమ్మకం. రేపు ఉదయం నుంచి ఆ పని ఆయనది. షాపు తెరిచేలోపు పది నిమిషాలు దొరక్కపోవు. బ్యాటరీ చూసి, దాని తలుపు లాక్ వేసి, మెషీన్లు పెట్టి, పాప వెనక నిలబడి ఆ, ఊ, ఈ, మ్, ష్, స్ అని ఒక్కో శబ్దం పలకాలి. విన్నప్పుడల్లా పాప డబ్బాలో ఒక గింజ వేస్తుంది. ఏదైనా శబ్దానికి వేయకపోతే ఆ రోజే మెషీన్ చూపించాలి. రాత్రి వాటిని తుడిచి తేమ పీల్చే డబ్బాలో పెట్టడం కూడా ఆయనే చేయాలి, మీ గోదావరి జిల్లాల ఉక్కకు మెషీన్లు త్వరగా పాడవుతాయి. బ్యాటరీలు పాపకు అందే చోట ఉంచవద్దని చెప్పండి. పొరపాటున మింగితే ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. పది రోజులు ఇవన్నీ తన చేత్తో చేశాక ఆయన మౌనంగా ఉండగలరని నేననుకోను.

అత్తయ్యకు చెప్పాల్సింది కూడా ఆయనే. మీరు చెబితే కోడలి పెడసరం అవుతుంది. కొడుకు "అమ్మా, మెషీన్లు తీయొద్దు" అంటే మూడు మాటల్లో అయిపోతుంది. మేనరికం వల్లే ఇలా అయిందని మీరు లోలోపల కుమిలిపోతున్నారు, ఆవిడా కుమిలిపోతుండవచ్చు, ఆ సంబంధం కావాలని పట్టుబట్టింది ఆవిడే కదా. కారణం అదేనో కాదో పరీక్ష చేయకుండా ఎవరూ చెప్పలేరు. జన్యువుల వల్లే అయినా, ఇలాంటి లోపం చాలావరకు లోపమున్న జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తేనే బయటపడుతుంది. అందులో మీ తప్పెంతో ఆయన తప్పూ అంతే, అసలు ఎవరి తప్పూ కాదు. రెండో బిడ్డ గురించి ఒత్తిడి వస్తోందన్నారు. ముందు ఇద్దరూ కలిసి జెనెటిక్ కౌన్సెలింగ్‌కు వెళ్ళండి. హైదరాబాద్ నిమ్స్‌లో దానికి ప్రత్యేక విభాగం ఉంది. మీరొక్కరే వెళ్ళవద్దు.

సదరం శిబిరానికి స్లాట్ బుక్ చేయండి. వైకల్యం శాతం ఎంతన్నది డాక్టర్లు తేలుస్తారు. బడికీ, ప్రభుత్వ సాయానికీ ఆ కాగితం ఎప్పుడో ఒకప్పుడు అవసరపడుతుంది.

ఇక ఓణీల ఫంక్షన్. బాజాలు, మైకుల పక్కన పాప ఇబ్బంది పడితే కాస్త దూరంగా తీసుకెళ్ళండి. అప్పటికీ ఏడిస్తే కాసేపు తీయండి, అది పాప సుఖం కోసం. ఫొటో కోసం మాత్రం తీయకండి. మోల్డ్‌లు రంగుల్లో కూడా చేస్తారు. ఈసారి మార్చేటప్పుడు రంగు పాపనే ఎంచుకోనివ్వండి, గులాబీ అంటే గులాబీయే. ఆ ఉదయం ఇంటి నిండా చుట్టాలుండగా, మీ అత్తయ్య ఎదురుగా, పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని మెషీన్లు వాళ్ళ నాన్నే పెట్టాలి. ఆ రోజు గేటు చప్పుడైనప్పుడు పాప చేయి చెవి దగ్గరకు వెళ్ళిందో లేదో గమనించి, నాకు మళ్ళీ రాయండి.