నోరు విప్పని పిల్లలు పొయెట్రీ స్లామ్‌లో ఏం నేర్చుకుంటారు?

టెన్త్ గ్రేడ్ చదువుతున్న మీ అమ్మాయి హైస్కూల్లో పొయెట్రీ స్లామ్ (సొంత కవితను వేదిక మీద చెప్పి మార్కుల కోసం పోటీపడటం) జట్టులో చేరతానని పట్టుబడుతోందని, ఇంటికి చుట్టాలొస్తే గది దాటి బయటకు రాని పిల్ల అంతమంది ఎదుట ఏం మాట్లాడగలదని, పైగా ఇంటి గుట్టు వేదిక ఎక్కుతుందేమోనని మీరు అడిగారు. మా అబ్బాయి షికాగో శివారులోని ఒక హైస్కూల్లో ఇలాంటి జట్టులోనే ఉండేవాడు. పిల్లలను సాధనకూ పోటీలకూ కారులో దింపే తల్లులలో నేనూ ఒకదాన్ని కనుక, దగ్గరగా చూసినంతవరకు చెబుతాను. చేరనివ్వండి అనేదే నా సమాధానం. అయితే పిల్లల గొంతు పెగిలేది పోటీ రోజున కాదు, అంతకు ముందు నెలల తరబడి సాగే సాధనలో. అందువల్ల ఆ జట్టును ఎవరు నడుపుతున్నారో, ఎలా నడుపుతున్నారో మీరు ముందుగా తెలుసుకోవాలి.

మొదట బడి నుంచి వచ్చిన కాగితాన్ని ఒకసారి సరిగా చూడండి. ‘పొయెట్రీ అవుట్ లౌడ్’ అని ఉంటే అది వేరే పోటీ. అందులో పిల్లలు ప్రసిద్ధ కవుల కవితలను కంఠస్థం చేసి వినిపిస్తారు. మన తెలుగు సంఘాల వేడుకల్లో చిన్నపిల్లలు వేమన, సుమతీ పద్యాలు చెప్పడం ఆ కోవలోకి వస్తుంది. మావాడు అవీ చెప్పాడు. నాలుక తిరగడానికీ, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలియడానికీ పద్యాలు చాలా మేలు చేశాయని నేను ఇప్పటికీ అంటాను. స్లామ్‌లో మాత్రం ఎవరి కవిత వారే రాసుకుని, వారే చెప్పాలి.

ఈ పద్ధతి షికాగోలోనే పుట్టింది. భవన నిర్మాణ పనులు చేసుకునే మార్క్ స్మిత్ అనే కవి 1986లో గ్రీన్ మిల్ అనే జాజ్ క్లబ్బులో ఆదివారం సాయంత్రాలు దీన్ని నడపడం ప్రారంభించారు. పిల్లల కోసం శాన్‌ఫ్రాన్సిస్కోలో 1996లో యూత్ స్పీక్స్ సంస్థ ఏర్పడింది. షికాగోలో 2001లో మొదలైన లౌడర్ దేన్ ఎ బాంబ్ ఉత్సవం బడుల జట్లను ఒకే వేదికకు తెచ్చింది. నిబంధనలు సాధారణంగా ఇలా ఉంటాయి: మూడు నిమిషాల సమయం, దాని మీద పది సెకన్ల వెసులుబాటు, అది కూడా దాటితే మార్కుల కోత, వాద్యాలు, వేషాలు, చేతిలో వస్తువులు నిషిద్ధం. శ్రోతల్లోంచే ఎంచుకున్న ఐదుగురు సున్నా నుంచి పది వరకు మార్కులు వేస్తారు, వాటిలో అత్యధికాన్నీ అత్యల్పాన్నీ తీసేసి మిగిలిన మూడింటిని కలుపుతారు. అంటే గరిష్ఠం 30.

ఇక సాధన సంగతి. మావాడి మొదటి కవిత వాతావరణ మార్పు గురించి. వినడానికి వార్తాపత్రిక సంపాదకీయంలా ఉండేది. వాళ్ల కోచ్ దానిని తప్పుపట్టకుండా, నిన్న ఉదయం మీ ఇంట్లో ఎవరు ఏం చేస్తున్నారో రాసుకు రమ్మన్నారు. అప్పటికి మావారి ఉద్యోగం పోయి కొన్ని వారాలైంది. హెచ్-1బి వీసా మీద ఉన్నవారికి కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి దొరికేది అరవై రోజుల గడువు మాత్రమేనని మీకు చెప్పనక్కరలేదు. ఎక్కడికీ వెళ్లవలసిన పని లేకపోయినా ఆయన రోజూ పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేసుకుని, టక్ చేసుకుని, భోజనాల బల్ల దగ్గర ల్యాప్‌టాప్ ముందు కూర్చునేవారు. మాలో ఎవరమూ దాని గురించి మాట్లాడలేదు. వాడు రాసింది ఆ చొక్కా గురించి.

మీ భయం సరిగ్గా ఇక్కడే ఉంది కాబట్టి దీని గురించి కొంచెం వివరంగా చెబుతాను. ఆ జట్టులో ఒక నియమం ఉండేది: కవితలో ఎవరి గురించి రాస్తే, వేదిక మీదకు వెళ్లేముందు వారికి చదివి వినిపించాలి. వాడు వంటగదిలో నిలబడి వాళ్ల నాన్నకు చదివాడు. ఆయన విని, చాలాసేపు మాట్లాడకుండా ఉండి, మా బంధువు దగ్గర అప్పు తీసుకున్నట్టున్న ఒక్క పాదం తీసేయమన్నారు, ఆ మాట బయటపడితే నొచ్చుకునేది తాను కాదని, ఆ బంధువని చెప్పారు. వాడు ఆ పాదం తీసేశాడు. చొక్కా అలాగే ఉంది. మా ఇంట్లో ఆ ఉద్యోగం గురించి నలుగురం కూర్చుని మాట్లాడుకున్నది ఆ రోజే మొదటిసారి. ఇలాంటి నియమం మీ అమ్మాయి జట్టులో ఉందో లేదో అడగండి. లేకపోతే మీ ఇంట్లోనైనా పెట్టుకోండి.

చెప్పే తీరు మీద పని ఇంకా మోటుగా సాగేది. మావాడు కాగితాన్ని ముఖానికి అడ్డంగా పట్టుకుని గొణిగేవాడు. మిగతా పిల్లలు కెఫెటేరియా చివర నిలబడి, మాట వినపడనప్పుడల్లా చెయ్యెత్తేవారు. మామూలు వేగంతో చెబితే మూడు నిమిషాల్లో దాదాపు నాలుగు వందల ఇంగ్లీషు మాటలు పడతాయి, వీడి కవిత అంతకు రెట్టింపు. అలంకారాలు ఒక్కొక్కటిగా కొట్టేస్తూ పోతే చివరికి ఇస్త్రీపెట్టె ఆవిరి చప్పుడు, మెడపట్టీ మడత, ఎవరూ ఫోన్ చేయని ఉదయం మిగిలాయి. పోటీలో నడుమ ఒకచోట మరిచిపోతే, ఎదుటి బడి పిల్లలతో సహా హాలంతా మెల్లగా చిటికెలు వేయడం మొదలుపెట్టారు. మాట తట్టేదాకా కవికి అండగా చిటికెలు వేయడం అక్కడ ఆనవాయితీ. వాడికి మాట తట్టింది.

మార్కుల విషయంలో మాత్రం నాకు గట్టి ఫిర్యాదు ఉంది. గాయాన్ని చూపించిన కవితకు శ్రోతలు పెద్ద మార్కు వేస్తారు, హాస్యానికి అంత తేలికగా వేయరు. ఇది కనిపెట్టిన పిల్లలు వచ్చే ఏడాదికి ఇంకా పెద్ద గాయం వెతుక్కుంటారు. మానని పుండును మార్కుల కోసం రేపవద్దని చెప్పే పెద్దవారు జట్టులో ఉండాలి. వరుసలో ముందు చెప్పినవారికి తక్కువ, చివర చెప్పినవారికి ఎక్కువ పడటం కూడా మామూలే. అందుకే అసలు పోటీకి ముందు, పోటీలో లేని ఒక కవి చేత చెప్పించి న్యాయనిర్ణేతల చేయి కుదిరేలా చేస్తారు. అది కొంతవరకే పనిచేస్తుంది.

కాలేజీ దరఖాస్తులో పనికొస్తుందా అని కూడా అడిగారు. ఒక వరుస రాసుకోవచ్చు, అంతే. 2017లో అమెరికా తొలి జాతీయ యువ ఆస్థానకవిగా ఎంపికై, 2021 జనవరి 20న అధ్యక్షుడి ప్రమాణ స్వీకారంలో కవిత చదివిన అమాండా గోర్మన్‌కు చిన్నతనంలో ‘ర’ శబ్దం సరిగా పలికేది కాదు. ఆ ఉదాహరణ పిల్లలకు ధైర్యం ఇస్తుంది కానీ, దానిని లక్ష్యంగా వాళ్ల నెత్తిన పెట్టకండి. మావాడి జట్టు ఫైనల్‌కు వెళ్లలేదు. చుట్టాలొస్తే వాడు ఇప్పటికీ గదిలోనే ఉంటాడు, కానీ ఒక టీచరు మార్కులు తప్పుగా వేశారనిపించినప్పుడు నన్ను పంపకుండా తానే వెళ్లి మాట్లాడుకుని వచ్చాడు.

చేరేముందు ఒకసారి సాధన చూడటానికి రావచ్చా అని కోచ్‌ను అడగండి. పోటీకి వెళితే ముందు వరుసలో కూర్చోవద్దు, ఎదురుగా అమ్మ ముఖం కనబడితే పిల్లలు తడబడతారు. వీడియో తీసి బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాలనిపిస్తే ముందు అమ్మాయిని అడగండి. మావాడు వద్దన్నాడు, ఎందుకు పంపలేదని తెనాలిలో ఉన్న మా అమ్మ నన్ను ఇప్పటికీ సాధిస్తూనే ఉంది.